గాజు కిటికీలూ, చవక కార్డూ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీద సామాన్లు దించుతుంటే మా బాబాయి పాత కంప్యూటర్ బయటపడింది. పెంటియం 4, 2006లో కొన్నది. పక్క రేకు ఊడదీసి దుమ్ము దులిపితే లోపల ఏజీపీ స్లాట్‌లో చిన్న గ్రాఫిక్స్ కార్డు కనిపించింది. దానికి ఫ్యాను కూడా లేదు, ఓ అల్యూమినియం హీట్‌సింక్ ఉందంతే. రేడియాన్ 9550, 128 ఎంబీ. బాబాయి సాలిటైర్ తప్ప ఇంకో గేమ్ ఆడగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఉండబట్టలేక ఫోన్ చేసి అడిగాను.

"బాబాయ్, ఈ గ్రాఫిక్స్ కార్డు ఎందుకు కొన్నావు?"

"క్యూబు తిప్పడానికిరా" అన్నాడు, ఏ మాత్రం మొహమాటం లేకుండా. "సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపువాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200, డబ్బా మీద 256 ఎంబీ అని ఇంతింత అక్షరాలతో రాసుంది. నాకదే కావాలి. ఆఖరి పీసు నా ముందున్నాయన పట్టుకుపోయాడు. చేసేది లేక ఇది తెచ్చుకున్నా."

క్యూబు అంటే తెలియని కుర్రాళ్ళ కోసం ఒక ముక్క. 2006, 2007 ప్రాంతాల్లో లైనక్స్ వాడేవాళ్ళకి కాంపిజ్ అనే పిచ్చి పట్టుకుంది. కంట్రోల్, ఆల్ట్ నొక్కి మౌస్‌తో లాగితే డెస్క్‌టాప్ మొత్తం నాలుగు పలకల డబ్బాలా గిర్రున తిరిగేది. కిటికీని పట్టుకుని లాగితే పెసరట్టు పిండిలా అల్లల్లాడేది. అటుపక్క విండోస్ విస్టాలో కిటికీల అంచులు గాజులా మెరిసేవి. ఇవన్నీ కావాలంటే కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డుండాలి. గేమ్స్ ఆడేవాళ్ళు ఎలాగూ పెద్ద కార్డు కొంటారు. మరి గేమ్స్ ఆడని సగటు జీవి, ఈ షోకుల కోసం తక్కువలో తక్కువ ఏ కార్డు కొనాలి?

చూడ్డానికి చాలా చిన్న ప్రశ్న. కానీ దానికి ఆ రోజు సరైన జవాబు ఒకటైతే, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సరైన జవాబు ఇంకోటైంది. ఎందుకలా మారిందో తవ్వుకుంటూ పోతే చాలా సంగతులు తెలిశాయి. ఆ చరిత్రే ఈ టపా.

అసలు ఒక కిటికీకి నీడ వెయ్యడానికి గ్రాఫిక్స్ కార్డెందుకండీ? ముందు ఇది తేల్చుకుందాం.

పాత పద్ధతిలో తెర అంటే ఒకే ఒక్క పలక. పదిమంది పిల్లలు ఆ పలక మీదే రాయాలి. ఒక కిటికీ ఇంకో కిటికీ మీదకి జరిగితే కిందున్న బొమ్మ చెరిగిపోతుంది. పైది పక్కకి తప్పుకోగానే సిస్టమ్ కింది ప్రోగ్రామ్‌ని పిలిచి "నీ భాగం మళ్ళీ గీసుకో" అని చెప్పాలి. ఆ ప్రోగ్రామ్ ఏదో పనిలో మునిగి పలక్కపోయిందనుకోండి, అంతే సంగతులు. విండోస్ ఎక్స్‌పీలో హ్యాంగైన ప్రోగ్రామ్ మీద ఇంకో కిటికీని లాగితే, సాలిటైర్ గెలిచినప్పుడు ముక్కలు గంతులేసినట్టు తెరంతా దాని ఆనవాళ్ళే పడేవి గుర్తుందా? కారణం ఇదే. పలక ఒక్కటే, కింద ఏముందో ఎవరికీ గుర్తులేదు.

కొత్త పద్ధతిలో ప్రతి పిల్లాడికీ ఒక విడి కాగితం ఇస్తారు. ఎవడి బొమ్మ వాడు తన కాగితం మీద గీసుకుంటాడు. కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి తెర మీద చూపించే పని ఇంకొకడిది. ఆ పేర్చేవాడిని కంపోజిటర్ అంటారు. కాగితాలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఒకదాన్ని పల్చగా చెయ్యచ్చు, వంచచ్చు, డబ్బాకి అతికించి తిప్పచ్చు. కింది ప్రోగ్రామ్‌ని మాటిమాటికీ లేపక్కర్లేదు.

ఇందులో ఇబ్బంది రెండు చోట్ల ఉంది. మొదటిది స్థలం. ఒక్కో కాగితానికీ మెమరీ కావాలి. 1280×1024 తెర నిండా ఉన్న కిటికీకి, పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున, సరిగ్గా 5 ఎంబీ. పది కిటికీలు తెరిస్తే 50 ఎంబీ. రెండోది కాయకష్టం. ఈ కాగితాలని సెకనుకి అరవై సార్లు పేర్చి కలపాలి. సీపీయూ చేత చేయిస్తే దాని నడ్డి విరుగుతుంది. గ్రాఫిక్స్ చిప్పులు మాత్రం త్రీడీ గేముల కోసం ఇదే పని రాత్రింబగళ్ళు చేస్తున్నాయి. గోడకి ఇటుకల బొమ్మ అతికించినట్టే కిటికీ బొమ్మని ఒక పలకకి అతికించడం, అంతే తేడా. కంప్యూటర్‌లో ఊరికే పడున్న త్రీడీ యంత్రానికి ఆఫీసు పని అప్పగించడమన్నమాట.

ఈ పని జనం చేతికిచ్చి ముందు చూపించింది ఆపిల్ వాళ్ళు. 2001 మార్చిలో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్‌లోనే కిటికీలకి విడి కాగితాలున్నాయి, కానీ పేర్చేది సీపీయూనే. 2002 ఆగస్టులో వచ్చిన 10.2 లో క్వార్ట్జ్ ఎక్స్‌ట్రీమ్ అని పేరుపెట్టి ఆ పని గ్రాఫిక్స్ కార్డుకిచ్చారు. దానికి వాళ్ళడిగింది ఏజీపీ మీద జీఫోర్స్2 ఎంఎక్స్ గానీ, ఏదో ఒక రేడియాన్ గానీ, కనీసం 16 ఎంబీ మెమరీ. మళ్ళీ చదవండి, 16 ఎంబీ! అంటే మొదటి రోజు నుంచీ ఇది చవక కార్డు చెయ్యగలిగిన పనే. కంప్యూటరూ, కార్డూ, డ్రైవరూ, సిస్టమూ అన్నీ ఒకే ఇంటివాళ్ళు చూసుకుంటే బేరాలుండవు కదా, ఆపిల్‌కి అది కలిసొచ్చింది.

2003లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు ప్రాజెక్ట్ లుకింగ్ గ్లాస్ అని జావాతో ఒక త్రీడీ డెస్క్‌టాప్ ప్రదర్శించారు. కిటికీని వెనక్కి తిప్పి దాని వీపు మీద చీటీ రాసుకోవచ్చు. అబ్బో అన్నారంతా. ఎవరూ వాడలేదు.

లైనక్స్ వైపు పని కష్టం. అక్కడ తెర మీద బొమ్మ వేసేది ఎక్స్ విండో సిస్టమ్, 1984లో ఎంఐటీలో పుట్టింది. ఒకే పలక పద్ధతి దాని ఎముకల్లో ఉంది. 2004 సెప్టెంబర్‌లో వచ్చిన ఎక్స్.ఆర్గ్ 6.8 లో కాంపోజిట్ అనే ఎక్స్‌టెన్షన్ చేర్చి విడి కాగితాలకి దారి తెరిచారు. కీత్ ప్యాకర్డ్ దాన్ని చూపించడానికి ఎక్స్‌కాంప్‌ఎంజీఆర్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా రాశాడు. నీడలొచ్చాయి, పారదర్శకత వచ్చింది. కానీ చాలా కార్డుల్లో అది నత్తనడక నడిచేది. ఎందుకంటే అది వాడుకున్న దారిని డ్రైవర్లు సగం సగమే వేగవంతం చేశాయి.

2006 మొదట్లో రెండు దారులు ఒకేసారి బయటికొచ్చాయి. నోవెల్‌లో డేవిడ్ రెవెమాన్ రాసిన ఎక్స్‌జీఎల్, దాని మీద నడిచే కాంపిజ్ ఒక దారి. ఇందులో పాత ఎక్స్ సర్వర్ మీద ఇంకో ఎక్స్ సర్వర్‌ని ఎక్కించి, మొత్తం తెరని ఓపెన్‌జీఎల్ గేములా నడిపేస్తారు. రెడ్ హ్యాట్‌లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వగైరాలు చేసిన ఏఐజీఎల్ఎక్స్ రెండో దారి. కొత్త మేడ కట్టకుండా ఉన్న ఇంటికే మరమ్మతు చేద్దామన్నది వీళ్ళ వాదన. అదే ఏడాది మే నెలలో ఎక్స్.ఆర్గ్ 7.1 లో అది చేరిపోయింది. సెప్టెంబర్‌లో కాంపిజ్ నుంచి బెరిల్ అని ఒక చీలిక పుట్టింది, 2007లో ఇద్దరూ మళ్ళీ రాజీపడి కాంపిజ్ ఫ్యూజన్ అయ్యారు. మన పార్టీల్లాగే అన్నమాట. 2007 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 7.10 లో, కార్డు సహకరిస్తే చాలు, ఈ హంగులన్నీ అడక్కుండానే వచ్చేశాయి. ఆ రోజుల్లో ఉబుంటు సీడీలు పోస్టులో ఉచితంగా వచ్చేవి. మా బాబాయి లాంటివాళ్ళు పడిపోయింది అక్కడే.

సరే, ఇహ షాపు దగ్గరికొద్దాం.

ఆనాటి చవక కార్డుల డబ్బాలు చూస్తే పైన పటారం, లోన లొటారం. డబ్బా మీద పెద్దగా ఉండేది మెమరీ అంకె. అదీ ఒక్కోసారి నిజం కాదు. 2004 చివర్లో ఎన్‌విడియా టర్బోక్యాష్ అని ఒకటి తెచ్చింది. కార్డు మీద నిజంగా ఉండేది 16 ఎంబీయో, 32 ఎంబీయో, మిగతాది మీ ర్యామ్ నుంచి అప్పు. డబ్బా మీదేమో అప్పుతో కలిపి మొత్తం అంకె. ఏటీఐ వాళ్ళు దాన్నే హైపర్‌మెమరీ అన్నారు. కార్డు మనదే, సొమ్ము కూడా మనదే!

రెండో మెలిక బస్సు వెడల్పు. ఎఫ్ఎక్స్ 5200 అనే ఒకే పేరుతో 128 బిట్ల కార్డులూ ఉండేవి, 64 బిట్ల కార్డులూ ఉండేవి. గొట్టం సగమైతే నీళ్ళూ సగమే. మెమరీ అదే వేగంతో నడిచినా సెకనుకి సగం డేటానే పోతుంది. రేడియాన్ 9550 లోనూ ఇదే తంతు, కాకపోతే అక్కడ 64 బిట్ల దానికి చివర ఎస్ఈ అని తోక తగిలించారు. కిటికీలు పేర్చే పనిలో లెక్కలు తక్కువ, బొమ్మల్ని అటూ ఇటూ మొయ్యడమే ఎక్కువ. కాబట్టి 64 బిట్ల 256 ఎంబీ కార్డు కన్నా 128 బిట్ల 128 ఎంబీ కార్డే నయం. ఈ మాట డబ్బా మీద ఎవరూ రాయరు.

అలాగని మెమరీ అక్కర్లేదనీ కాదు. కాంపిజ్ వాడినవాళ్ళకి నల్ల కిటికీల బాధ గుర్తుండే ఉంటుంది. ఎన్‌విడియా కార్డుల్లో మెమరీ నిండిపోగానే కొత్తగా తెరిచిన కిటికీ నల్లగా, ఖాళీగా వచ్చేది. పేర్చేవాడి దగ్గర కాగితాలైపోయాయన్నమాట. ఇందాక వేసిన 5 ఎంబీల లెక్క అప్పుడు అర్థమయ్యేది జనానికి.

ఇంటెల్ చిప్పుల్లో ఇంకో చిక్కు. జీఎంఏ 950 లో ఒక బొమ్మ 2048 పిక్సెళ్ళ వెడల్పు దాటకూడదు. 1280 వెడల్పున్న మానిటర్లు రెండు పక్కపక్కన పెడితే 2560. అంతే, కాంపిజ్ మొరాయించేది.

ఇవన్నీ అంకెల గొడవలు. ఓపిగ్గా చదివేవాడికి దొరికేవే. ఏ అంకెలోనూ దొరకనిది ఒకటుంది. దాని సంగతి బాగా బయటపడింది విస్టా కథలో.

విస్టా 2007 జనవరి 30న జనంలోకొచ్చింది. ఏరో గ్లాస్‌కి వాళ్ళు పెట్టిన షరతులు ఇవీ: డైరెక్ట్‌ఎక్స్ 9 కార్డు, పిక్సెల్ షేడర్ 2.0, తెర 1280×1024 లోపైతే 64 ఎంబీ మెమరీ, 1920×1200 దాకా 128 ఎంబీ, అంతకు మించితే 256 ఎంబీ. వీటితోపాటు డబ్ల్యూడీడీఎం అనే కొత్త తరహా డ్రైవర్. చూశారా, 64 అన్న అంకె మన పది కిటికీల లెక్కకి ఎంత దగ్గరగా ఉందో!

విస్టా రాక ఆలస్యమవడంతో 2006లో అమ్మే కంప్యూటర్ల మీద "విస్టా కేపబుల్" అని బిళ్ళలంటించారు. ఆ రోజుల్లో చవక కంప్యూటర్లలో, లాప్‌టాప్‌లలో విరివిగా ఉన్నది ఇంటెల్ 915 చిప్‌సెట్, అందులోని జీఎంఏ 900 గ్రాఫిక్స్. కాగితం మీద దానికి పిక్సెల్ షేడర్ 2.0 ఉంది. కానీ డబ్ల్యూడీడీఎం డ్రైవర్ రాలేదు, కాబట్టి ఏరో రాదు. అయినా బిళ్ళ మాత్రం అంటించారు, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ ఆ బిళ్ళకి డబ్ల్యూడీడీఎం షరతు తీసేసింది. కొన్నవాళ్ళు 2007లో సియాటిల్ ఫెడరల్ కోర్టుకెక్కారు. 2008లో ఆ కేసులో మైక్రోసాఫ్ట్ లోపలి మెయిళ్ళు బయటపడ్డాయి. ఇంటెల్ తన 915 బోర్డులు అమ్ముకుని ఆ త్రైమాసికం లెక్కలు గట్టెక్కడానికే షరతు సడలించామని ఒకాయన రాశాడు. ఇంటెల్ ఆ మాట ఒప్పుకోలేదు. ఇంకో వైస్ ప్రెసిడెంటు గారు బిళ్ళ చూసి తానే ఒక లాప్‌టాప్ కొని, 2,100 డాలర్లు పోసి మెయిల్ చూసుకోడానికి ఒక మిషన్ తెచ్చుకున్నట్టయిందని వాపోయాడు. సొంత కంపెనీవాడికే తెలియకపోతే మా బాబాయికేం తెలుస్తుందండీ? 2008 ఫిబ్రవరిలో కేసుకి క్లాస్ యాక్షన్ హోదా వచ్చింది, 2009 ఫిబ్రవరిలో అదే కోర్టు ఆ హోదా తీసేసింది. తిలాపాపం తలా పిడికెడు, చివరికి నష్టం కొన్నవాడిది.

నన్ను ఆపేసిన సంగతి ఇప్పుడు చెప్తాను. విస్టాలో గాజు కిటికీ చూపించలేని అదే జీఎంఏ 900, అదే ఏడాది లైనక్స్‌లో కాంపిజ్ నడిపేది. ఏఐజీఎల్ఎక్స్ మీద, ఓపెన్ డ్రైవర్‌తో. క్యూబు తిరిగేది, కిటికీలు అల్లాడేవి. చిప్పు అదే, మెమరీ అదే, సోల్డరు చుక్కలు కూడా అవే. మారింది డ్రైవర్ ఒక్కటే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, ఆ శని పేరు డ్రైవర్.

అయితే లైనక్స్ వైపు అందరి డ్రైవర్లూ ఒకేలా లేవు. చవక కార్డుల వ్యాపారం అప్పట్లో మూడు ఇళ్ళది, మూడిళ్ళదీ మూడు దారులు.

ఇంటెల్ డ్రైవర్ కోడు బయటే ఉండేది. 2006 ఆగస్టులో కొత్త 965 చిప్‌సెట్‌కి కూడా త్రీడీతో సహా ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చారు. ఎక్స్‌కాంప్‌ఎంజీఆర్ రాసిన కీత్ ప్యాకర్డ్ అప్పటికే ఇంటెల్‌లో చేరాడు. చిప్పు బక్కది, డ్రైవర్ మంచిది.

ఎన్‌విడియా డ్రైవర్ పూర్తిగా మూసిన పెట్టె. కానీ పనిచేసే పెట్టె. కాంపిజ్‌కి కావాల్సిన ముఖ్యమైన ఓపెన్‌జీఎల్ సౌకర్యాన్ని, అంటే కిటికీ బొమ్మని కాపీ చెయ్యకుండా నేరుగా అతికించే సదుపాయాన్ని, 2006 చివర్లో సొంత డ్రైవర్లో ఇచ్చేశారు. ఎఫ్ఎక్స్ 5200 మొదలుకుని అన్నిట్లో బెరిల్ హాయిగా నడిచింది. ఆ ఏడాది ఎవరైనా అడిగితే "చవకలో ఎన్‌విడియా తీస్కో, డ్రైవర్ ఎక్కించు, అయిపోయింది" అని చెప్పడం న్యాయమైన సలహానే. నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

ఏటీఐది విచిత్రమైన పరిస్థితి. ఒకప్పుడు పాత రేడియాన్ల వివరాలు కొందరు డెవలపర్లకి ఇచ్చేవారు. రేడియాన్ 8500 కి ఓపెన్ త్రీడీ డ్రైవర్ రాయడానికి డబ్బు పెట్టింది ఎవరో తెలుసా? అమెరికాలో వాతావరణ వార్తలు చెప్పే వెదర్ ఛానల్! ఆ డ్రైవర్ 2002లో వచ్చింది, రేడియాన్ 9200 కుటుంబానికీ అదే పనికొచ్చింది. ఆ తర్వాతి తరం, అంటే 9500, 9550, 9600 వగైరాల త్రీడీకి వివరాలివ్వడం మానేశారు. కంపెనీ సొంత డ్రైవర్‌లో 2007 అక్టోబర్ దాకా ఏఐజీఎల్ఎక్స్ లేదు. పైగా ఎక్స్1300 లాంటి కొత్త కార్డు కొన్నవాళ్ళకి ఓపెన్ డ్రైవర్‌లో త్రీడీ కూడా లేదు. ఎక్స్‌జీఎల్ ఎక్కించుకుని కుస్తీ పట్టాల్సిందే. కొత్త కార్డున్నవాడు పాత కార్డున్నవాణ్ణి చూసి కుళ్ళుకున్న రోజులవి.

మరి మా బాబాయి 9550? దాన్ని కాపాడింది కొందరు వాలంటీర్లు. మూసిన డ్రైవర్‌ని నడిపిస్తూ అది కార్డుకి పంపే ఆదేశాలని గమనించి, ఒక్కో రిజిస్టర్ ఏం చేస్తుందో ఊహించి, తప్పులు చేసి, మిషన్లు హ్యాంగయ్యి, ఆర్300 అనే ఓపెన్ డ్రైవర్ రాశారు. 2006లో ఏఐజీఎల్ఎక్స్ వచ్చేనాటికి అది క్యూబు తిప్పే స్థాయికి చేరింది. ఎవరూ జీతమిచ్చి చేయించిన పని కాదు. మీరూ నేనూ ఆఫీసు అయ్యాక సీరియస్‌గా పెట్టుకునే హాబీ లాంటిది, అంతే.

తర్వాత ఏమైందో చూడండి. 2006 అక్టోబర్లో ఏఎండీ ఏటీఐని కొనేసింది. 2007 సెప్టెంబర్‌లో చిప్పుల వివరాల పత్రాలు బయటపెడతామని ప్రకటించి, మాట నిలబెట్టుకుంది. ఆర్500 త్రీడీ పత్రాలు 2008 ఫిబ్రవరిలో వచ్చాయి. ఇది పూర్తిగా దానధర్మం అనుకోకండి. 2009 వసంతంలో అదే ఏఎండీ ఆర్300 నుంచి ఆర్500 దాకా ఉన్న కార్డులన్నిటినీ తన మూసిన డ్రైవర్ నుంచి గెంటేసింది. 2006లో కొన్న కార్డుకి మూడేళ్ళకే నూకలు చెల్లాయి. కానీ చెల్లలేదు! కంపెనీ వదిలేసినా ఓపెన్ డ్రైవర్ వదల్లేదు. ఈ రోజుకీ మేసా సోర్స్‌లో ఆర్300 డ్రైవర్ ఉంది, అప్పుడప్పుడూ ఎవరో ఒకరు దాన్ని బాగు చేస్తూనే ఉన్నారు.

షాపులో ముందాయన పట్టుకుపోయిన ఎఫ్ఎక్స్ 5200 కథ వేరు. ఎన్‌విడియా దాన్ని 173.14 అనే పాత డ్రైవర్ వరసలోకి నెట్టింది. కొత్త ఎక్స్ సర్వర్లకి ఆ వరస రాదు. జీఫోర్స్ 6, 7 వాళ్ళకి 304 వరస, అది 2017తో ముగిసింది. 8400 జీఎస్ లాంటి 8 వరస కార్డులకి 340, అది 2019తో సరి. ఆ డ్రైవర్ ఎంత బాగా పనిచేసినా లోపలికి వెళ్ళి ఒక్క లైను మార్చే వీలు మనకి లేదు. నూవో ప్రాజెక్టు వాళ్ళు ఎన్‌విడియా సాయం లేకుండా తవ్వి తవ్వి ఓపెన్ డ్రైవర్ రాసి, 2010 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.33 కెర్నెల్లోకి చేర్చారు. ఆ పుణ్యాన ఆ కార్డులూ పూర్తిగా చావలేదు. అక్కడా కాపాడింది కంపెనీ కాదు, వాలంటీర్లే.

ఇంతకీ ఆ షోకులేమయ్యాయి? క్యూబు పోయింది. అల్లాడే కిటికీలు పోయాయి. 2012లో విండోస్ 8 వచ్చి గాజు అంచుల్నీ చెరిపేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని అప్పట్లో ఎగతాళి చేసినవాళ్ళదే చివరికి గెలుపు అనిపిస్తుంది. కానీ అదే విండోస్ 8 లో కంపోజిటర్‌ని ఆపేసే మీట కూడా తీసేశారు. గాజు పోయింది, కాగితాలు పేర్చేవాడు మాత్రం పర్మినెంటు ఉద్యోగి అయిపోయాడు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అందులో సర్ఫేస్‌ఫ్లింగర్ చేసేది ఇదే పని. ఏఐజీఎల్ఎక్స్ చేసిన క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో వేలాండ్ మొదలుపెట్టాడు. అందులో కంపోజిటరే డిస్‌ప్లే సర్వర్. మధ్యలో ఎక్స్ అనే పెద్దమనిషి ఇక అక్కర్లేదన్నాడు. 2016 నవంబర్‌లో వచ్చిన ఫెడోరా 25 లో అదే డిఫాల్టు అయింది. ఇవాళ మీరు కిటికీ లాగితే చిరుగు పడకుండా నున్నగా జరగడం వెనక ఇరవై ఏళ్ళ కిందటి క్యూబు పిచ్చి ఉంది. నవ్వులాటకి కట్టిన పందిరి కింద పెళ్ళి జరిగిపోయిందన్నమాట.

డ్రైవర్ గొడవ మాత్రం పోలేదు. వేలాండ్ వచ్చాక ఎన్‌విడియా ఒక పద్ధతి, మిగతా అందరూ ఇంకో పద్ధతి అని ఏళ్ళ తరబడి తగువు నడిచింది. 2021 అక్టోబర్లో 495 డ్రైవర్‌తో ఎన్‌విడియా మిగతావాళ్ళ పద్ధతికి దిగొచ్చింది. 2022 మేలో ట్యూరింగ్, ఆ పై తరాల కార్డులకి కెర్నెల్ మాడ్యూళ్ళ సోర్స్ కూడా బయటపెట్టింది. ఆలస్యమైనా మంచిదే. కానీ అంతకు ముందు తరాల కార్డున్నవాళ్ళకి అది వర్తించదు.

మళ్ళీ అటక దగ్గరికొస్తాను. ఆ పెంటియం 4 లో ఒక గిగాబైటు ర్యామ్ ఉంది. దానికి డెబియన్ 12, ఎక్స్ఎఫ్‌సీఈ ఎక్కించాను. బ్రౌజర్ తెరవాలంటే టీ పెట్టుకు రావచ్చు, అది వేరే విషయం. కంపోజిటర్ మీట నొక్కగానే కిటికీల కింద నీడలొచ్చాయి. టెర్మినల్ పల్చబడింది. లాగితే చిరుగులు లేవు. ఒక నిజం కూడా చెప్పాలి: కార్డుకి చిన్న ఫర్మ్‌వేర్ ఫైలొకటి ఎక్కించాల్సి వచ్చింది, అది ఇప్పటికీ మూసిన ముక్కే. పూర్తి స్వేచ్ఛ అని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. అయినా తయారుచేసినవాడు ఏనాడో మర్చిపోయిన కార్డు నా ముందు పనిచేస్తోంది.

వీడియో కాల్‌లో బాబాయికి చూపించాను.

"క్యూబేదిరా?" అన్నాడు.

"ఇందులో లేదు బాబాయ్, నీడలే."

"నీడల కోసమా ఇంత సేపు కష్టపడ్డావ్?"

ఏం చెప్తాం! నిజానికి ఆయన ఆ రోజు కొన్నది తెలివితో కాదు, స్టాకు లేక. ఆయనకి కావాల్సిన 256 ఎంబీ డబ్బా దొరికుంటే మొదటి రెండేళ్ళు ఆయనే ఎక్కువ సుఖపడేవాడు. ఇది నేను దాచను. ఓపెన్ డ్రైవర్ అన్నివేళలా గొప్పదనీ, మూసింది అన్నివేళలా చెడ్డదనీ ఈ చరిత్ర చెప్పట్లేదు. కొన్న రోజున పనిచెయ్యడం ఒక లెక్క, కొన్నవాడు వద్దనుకునేదాకా పనిచెయ్యడం ఇంకో లెక్క. మొదటిది డబ్బా మీది అంకెల్లోనో, నలుగురి సలహాలోనో దొరుకుతుంది. రెండోది, ఆ కార్డుని బాగుచేసే వీలు ఎవరి చేతిలో ఉందన్న దాని మీద ఉంటుంది.

మనం చాలామందిమి ఇదే రంగంలో ఉన్నాం. పాత వెర్షన్‌కి సపోర్ట్ ఆపేస్తున్నాం అని మెయిల్ పెట్టేది మనమే, మన ఇంట్లో పరికరానికి అలాంటి మెయిల్ వస్తే తిట్టుకునేదీ మనమే. నా మటుకు నాకు ఆ కార్డు పట్టుకుని కూర్చున్న రెండు రోజుల తర్వాత, నేను ఆఫీసులో రాసే కోడుకి పత్రాలు రాయడం మీద కాస్త శ్రద్ధ పెరిగింది. నేను వదిలేశాక దాన్ని ఎవరో ఒకరు తెరిచి చూడాల్సి వస్తుంది కదా.

కార్డుని మళ్ళీ అదే స్లాట్‌లో పెట్టి, రేకు బిగించి, ఈసారి అటకెక్కించకుండా బల్ల మీదే ఉంచాను. మీ ఇళ్ళల్లో అటకల మీద ఏ కార్డులున్నాయో, వాటిని ఏం చూసి కొన్నారో చెప్పండి. డబ్బా మీది అంకె చూసే కొన్నామంటే మాత్రం సిగ్గుపడకండి, మా బాబాయి మీకు తోడున్నాడు.